తుంటి విరిగిన పెద్దవారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు: ప్రాణాపాయం తగ్గించడానికి పక్కనున్నవారు చేయవలసిన పనులు

బాత్రూములో జారిపడి తుంటి విరిగిన డెబ్బై అయిదేళ్ల మనిషిని ఆసుపత్రిలో చేర్చినప్పుడు ఇంట్లోవాళ్ల దృష్టంతా ఎక్స్‌రే ఫిల్ము మీదే ఉంటుంది. ఎముక ఎక్కడ విరిగింది, రాడ్డు వేస్తారా, బాల్ మారుస్తారా, మళ్లీ నడుస్తారా, ఖర్చెంత అవుతుంది అని అడుగుతారు. ఇవన్నీ అడగవలసినవే. కానీ ఆ మనిషి నెల తర్వాత బతికి ఉంటారా లేదా అన్నది చాలావరకు ఆ ఫిల్ములో కనిపించని విషయాల మీద ఆధారపడి ఉంటుంది: ఆపరేషన్ ఎన్ని గంటల్లో జరిగింది, నొప్పి అదుపులో ఉందా, ఎన్ని పూటలు పస్తు ఉంచారు, ఎన్నో రోజున మంచం దిగి నిలబడ్డారు, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందా. ఎముకల డాక్టరు రౌండ్సుకు వచ్చి కొన్ని నిమిషాలు చూసి వెళతారు. మిగతా సమయమంతా మంచం పక్కన కూర్చునేది ఇంటి మనిషే. ఆ మనిషి ఏం గమనించాలో, ఎవరిని ఏం అడగాలో, ఏ విషయంలో పట్టుబట్టాలో, ఎక్కడ డాక్టర్ల మాటకు వదిలేయాలో ఈ వ్యాసంలో వివరిస్తున్నాను.

ముందుగా ప్రమాదం ఏ స్థాయిలో ఉంటుందో తెలియాలి. తుంటి విరిగిన వృద్ధుల్లో మొదటి నెలలో నూటికి 5 నుంచి 10 మంది, ఏడాది తిరిగేలోగా 20 నుంచి 30 మంది మరణించడం వివిధ దేశాల లెక్కల్లో కనిపించే విషయం. ఈ అంకెలు భయపెట్టేవే అయినా, నుదుటి రాతగా తీసుకోవలసినవి కావు. ఇంగ్లండులో 2007లో తుంటి విరిగిన ప్రతి రోగి వివరాలనూ ఒక జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయడం మొదలుపెట్టారు. ఆపరేషన్ సకాలంలో జరిగేలా చూడడం, ఎముకల డాక్టరుతో పాటు వృద్ధుల వైద్యుడు కూడా మొదటి రోజు నుంచే రోగిని చూడడం వంటి మార్పులు చేశారు. అందులో చేరిన ఆసుపత్రుల్లో నెలలోపు మరణాలు 2007లో నూటికి 10.9 ఉండగా 2011 నాటికి 8.5కు తగ్గాయి. దానికోసం కొత్త మందేదీ కనిపెట్టలేదు. తెలిసిన పనులనే వరసగా, వేళకు చేశారు.

రోడ్డు ప్రమాదమైతే లెక్క వేరు

తుంటి సంగతి వివరంగా చెప్పే ముందు, బైకు మీద నుంచి పడి తొడ ఎముకో కటి ఎముకో విరిగిన వ్యక్తి గురించి చెప్పాలి, ఎందుకంటే అక్కడ ప్రాణాపాయం రోజుల్లో కాక గంటల్లో వస్తుంది. తొడ ఎముక ఒక్కటి విరిగితేనే తొడ కండరాల లోపలికి లీటరు నుంచి లీటరున్నర దాకా రక్తం పోవచ్చు. పైకి చుక్క కూడా కనిపించకపోవచ్చు. కటి ఎముకలు విరిగితే నష్టం అంతకన్నా ఎక్కువ. చెమటలు పట్టి చేతులు చల్లబడడం, నాడి వేగంగా కొట్టుకోవడం, పెదవులు పాలిపోవడం, కారణం లేకుండా కంగారుపడడం రక్తం పోతున్న గుర్తులు. రోగి మాట్లాడుతున్నాడు కదా అని ధీమాగా ఉండకూడదు. కటి విరిగిందని అనుమానం ఉన్నవారిని దొర్లించి, కాళ్లు పట్టుకుని ఎత్తకూడదు. తుంటి ఎముకలు చేతికి తగిలే చోట, అంటే నడుముకు కింద తొడలు మొదలయ్యే మట్టంలో, దుప్పటితో బిగించి కడితే రక్తస్రావం కొంత తగ్గుతుంది. నడుము దగ్గర కడితే ప్రయోజనం ఉండదు.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ అందుబాటులో ఉంది. అంబులెన్సు ఎక్కించాక అసలు ప్రశ్న ఎక్కడికి తీసుకెళ్లాలన్నదే. 18 పేద, మధ్య ఆదాయ దేశాల్లో ఎముకలు విరిగి ఆసుపత్రిలో చేరిన ముప్పై వేల మందికి పైగా రోగులను పరిశీలించిన అధ్యయనంలో, ఆసుపత్రి చేరడంలో జాప్యానికి అన్నిటికన్నా తరచుగా కనిపించిన కారణం ఒక ఆసుపత్రి నుంచి మరొక ఆసుపత్రికి పంపించడం. దగ్గరలో ఉంది కదా అని చిన్న నర్సింగ్‌హోముకు తీసుకెళ్లి, అక్కడ రెండు గంటలు గడిపి, 'పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి' అనిపించుకోవడం మనకు కొత్తేమీ కాదు. శ్వాస ఆడక పోతుంటే, రక్తం ధారగా కారుతుంటే దగ్గరి ఆసుపత్రే మేలు. లేనప్పుడు రక్తనిధి, సీటీ స్కాను, ఎముకల సర్జనుతో పాటు జనరల్ సర్జను కూడా ఉన్న చోటికి నేరుగా వెళ్లడం మంచిది.

రక్తస్రావం ఉన్నవారికి ట్రానెగ్జామిక్ యాసిడ్ ఇంజెక్షను గాయమైన మూడు గంటల్లోపు ఇస్తే మరణాలు తగ్గుతాయని ఇరవై వేల మందికి పైగా రోగులతో చేసిన పరిశోధనలో 2010లో తేలింది. ఇది ఖరీదైన మందు కాదు. గడువు దాటితే మాత్రం పని చేయదు సరికదా, హాని కూడా చేయవచ్చు. అందుకే గాయం ఎన్ని గంటలకు అయిందో కచ్చితంగా చెప్పగలిగి ఉండాలి. చర్మం చీలి ఎముక బయటపడిన గాయమైతే యాంటీబయాటిక్ మొదటి గంటలోనే పడాలి, టెటనస్ ఇంజెక్షనూ వేయించాలి. తొడ లేదా మోకాలి కింది ఎముక విరిగినవారు మొదటి రోజు బాగానే ఉండి, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య హఠాత్తుగా ఆయాసపడుతూ, తికమకగా మాట్లాడుతూ, ఛాతీ మీద, చంకల దగ్గర సన్నటి ఎర్రటి చుక్కలు తేలితే, ఎముక మజ్జలోని కొవ్వు రక్తంలో చేరి ఊపిరితిత్తులకు అడ్డుపడిందని అనుమానించాలి. అది వార్డులో చూసుకునే సమస్య కాదు, ఐసీయూకు మార్చవలసినది. కట్టు వేశాక నొప్పి తగ్గవలసింది పోయి పెరుగుతూ, కాలివేళ్లను మెల్లగా కదిపితేనే అరుస్తుంటే కట్టును వెంటనే వదులు చేయించాలి. తెల్లవారేదాకా ఆగితే కాలు పోతుంది.

ఎవరికి ముప్పు ఎక్కువ

ఇక తుంటి విషయం. పడిన తర్వాత ఒక కాలు పొట్టిగా కనిపించి, పాదం బయటి వైపుకు తిరిగిపోయి, కాలు ఎత్తలేకపోతే తుంటి విరిగినట్టే అనుకోవాలి. కొందరిలో ఎముక విరిగి లోపలికి గుచ్చుకుని అలాగే నిలిచిపోతుంది. వారు కుంటుతూ నడవగలరు, మొదటి ఎక్స్‌రేలో చీలిక కనబడకపోవచ్చు. పడిన తర్వాత గజ్జలో నొప్పి తగ్గకపోతే 'ఎక్స్‌రే బాగానే ఉంది' అన్న మాటతో ఇంటికి రాకుండా ఎంఆర్‌ఐ గానీ సీటీ గానీ తీయమని అడగాలి.

ప్రమాదాన్ని అంచనా వేయడానికి డాక్టర్లు వాడే లెక్కల్లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ పేరుతో ఉన్న స్కోరు సులువైనది. మొత్తం పది మార్కులు: వయసు 66 నుంచి 85 మధ్య ఉంటే మూడు, 86 గానీ అంతకు మించి గానీ ఉంటే నాలుగు, మగవారైతే ఒకటి, చేరేటప్పటికి హిమోగ్లోబిన్ 10 గ్రాములు గానీ అంతకు తక్కువ గానీ ఉంటే ఒకటి, మతిమరుపు, తికమక ఉంటే ఒకటి, అంతకుముందే వృద్ధాశ్రమం వంటి చోట ఉంటుంటే ఒకటి, గుండె, ఊపిరితిత్తి, మూత్రపిండాల జబ్బుల వంటివి రెండూ అంతకు మించీ ఉంటే ఒకటి, క్యాన్సర్ ఉంటే ఒకటి. మార్కులు పెరిగేకొద్దీ నెలలోపు మరణించే అవకాశం పెరుగుతుంది. మగవారికి ఒక మార్కు ఎందుకని ఆశ్చర్యం కలగవచ్చు. తుంటి ఎక్కువగా విరిగేది ఆడవారికే అయినా, విరిగాక చనిపోయే అవకాశం మగవారిలో ఎక్కువ.

ఈ స్కోరు వేయడం ఇంటివాళ్ల పని కాదు. కానీ దానిలోని అంశాలు చూస్తే డాక్టరుకు ఏ వివరాలు దాచకుండా చెప్పాలో అర్థమవుతుంది. పడకముందు ఎంత దూరం నడిచేవారు, ఎవరి సాయమూ లేకుండా స్నానం చేసేవారా, గత ఏడాదిలో ఎన్నిసార్లు పడ్డారు, మతిమరుపు ఎప్పటి నుంచి, వేసుకునే మాత్రలన్నీ ఏమిటి అన్నవి ఒక కాగితం మీద రాసి కేస్ షీటుకు జతచేయించాలి. మాత్రల పేర్లు గుర్తు లేకపోతే డబ్బా మొత్తం తెచ్చి చూపించాలి. రక్తం పలచబడే మాత్రలైతే చివరి మాత్ర ఏ రోజు, ఏ పూట వేసుకున్నారో చెప్పడం మరీ ముఖ్యం. ఇంకొక విషయం చెప్పడానికి చాలా ఇళ్లలో మొహమాటపడతారు: పెద్దాయనకు రోజూ మందు తాగే అలవాటుంటే అది డాక్టరుకు తెలియాలి. అలవాటు హఠాత్తుగా ఆగడం వల్ల రెండు మూడు రోజుల్లో వచ్చే వణుకు, పిచ్చిమాటలు, ఫిట్సు ప్రాణాంతకం కాగలవు, ముందే తెలిస్తే నివారించగలిగినవి.

ఆలస్యం ఎక్కడ జరుగుతుంది, దాన్ని ఎలా తప్పించాలి

ఆపరేషన్ చేరిన రోజు గానీ మరుసటి రోజు గానీ జరగాలని బ్రిటిష్ మార్గదర్శకాలు 2011 నుంచి చెబుతున్నాయి. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 42,230 మంది రోగుల రికార్డులను చూసిన పరిశోధన 2017లో వెలువడింది. 24 గంటల్లోపు ఆపరేషన్ అయినవారితో వారి వంటి స్థితిలోనే ఉండి ఆలస్యమైనవారిని పోల్చినప్పుడు, నెలలోపు మరణాలు మొదటి గుంపులో నూటికి 5.8, రెండో గుంపులో 6.5 ఉన్నాయి. తేడా చిన్నదిగా కనిపించినా, ఏ ఖర్చూ లేకుండా దక్కే తేడా అది. మరి ఆరు గంటల్లోనే చేస్తే ఇంకా మేలా అని భారతదేశంతో సహా 17 దేశాల్లో దాదాపు మూడు వేల మందితో పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించారు. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు గానీ, తికమక, మూత్రంలో ఇన్‌ఫెక్షను తగ్గాయి, రోగులు త్వరగా లేచి నిలబడ్డారు. కాబట్టి అర్ధరాత్రే థియేటరుకు తీసుకెళ్లాలని పట్టుబట్టనక్కరలేదు. ఒకటి రెండు రోజులు దాటనివ్వకూడదు.

మన దగ్గర ఆ రోజులు ఎలా దాటిపోతాయో ఆసుపత్రి వరండాలో కూర్చున్నవారికి తెలుసు. మొదటిది నాటు కట్టు. పుత్తూరు కట్టుకు రాయలసీమలోనే కాక తమిళనాడు, కర్ణాటకల్లో కూడా పేరుంది. చేయి, మణికట్టు వంటి చోట్ల ఎముక పెద్దగా జరగకపోతే కట్టు కింద అతుక్కోవడం సహజమే. కానీ తుంటి కీలు లోతుగా, బలమైన కండరాల మధ్య ఉంటుంది. పైనుంచి ఎంత బిగించి కట్టినా ఆ కండరాల లాగుడును ఆపలేదు. కట్టు వేయించి ఇంట్లో పడుకోబెట్టిన వారం పది రోజుల్లో నిమ్ము, పడకపుండ్లు మొదలయ్యాక ఆసుపత్రికి తెస్తే, సర్జను చేయగలిగింది తగ్గిపోతుంది. రెండోది కుటుంబ నిర్ణయం. అమెరికాలోనో గల్ఫులోనో ఉన్న కొడుకు వచ్చేదాకా ఆగుదామనడం ప్రేమతో అనే మాటే. అయినా ఆ రెండు మూడు రోజులు అమ్మకే ఖర్చవుతాయి. వీడియో కాల్‌లో డాక్టరుతో మాట్లాడించి, ఇక్కడున్నవారు సంతకం చేయడం ఆ కొడుకు చేయగల పెద్ద సాయం.

మూడోది డబ్బు, అనుమతులు. చేరిన వెంటనే, అంటే ఎక్స్‌రే కాగితం చేతికొచ్చిన గంటలోనే, ఆసుపత్రిలో ప్రభుత్వ వైద్య పథకాల సంగతి చూసే ఆరోగ్యమిత్రను కలిసి ఈ ఆపరేషన్ పథకం కిందకు వస్తుందో రాదో అడగాలి. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా వర్తించే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరులో మొదలైంది. ఆధార్ కార్డు దగ్గరుంటే దాని గురించి కూడా అక్కడే విచారించవచ్చు. ఈ పనిని మరుసటి ఉదయానికి వాయిదా వేస్తే ఒక రోజు పోయినట్టే.

నాలుగోది 'ఫిట్‌నెస్'. గుండె డాక్టరు చూడాలి, ఎకో తీయాలి, ఆయన సాయంత్రం వస్తారు, రేపు ఆదివారం అని రోజులు జరుగుతాయి. నా ఉద్దేశంలో ఇంటివాళ్లు మర్యాదగా, కానీ గట్టిగా నిలబడవలసింది ఇక్కడే. మత్తు డాక్టరును నేరుగా అడగవలసిన మాట ఒకటుంది: 'ఆపరేషన్‌కు ముందు సరిచేయవలసిన సమస్య ఏది, దానికి ఎన్ని గంటలు పడుతుంది?' సరిచేయవలసినవి నిజంగానే కొన్ని ఉంటాయి. బ్రిటన్ మత్తు వైద్యుల సంఘం 2011లో ఇచ్చిన జాబితాలో ఉన్నవి ఇవి: హిమోగ్లోబిన్ 8 కన్నా తక్కువ ఉండడం, సోడియం 120 కన్నా తగ్గడం లేదా 150 దాటడం, పొటాషియం 2.8 కన్నా తగ్గడం లేదా 6 దాటడం; అదుపు తప్పిన చక్కెర; గుండె వైఫల్యం ముదిరి ఆయాసపడుతుండడం; గుండె లయ తప్పి నిమిషానికి 120కి మించి కొట్టుకోవడం; ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షను ఒళ్లంతా పాకడం; సరిచేయగలిగిన రక్తం గడ్డకట్టే లోపం. వీటిలో ఏదైనా ఉంటే ఆగడం న్యాయమే, అదీ వైద్యం చేస్తూ ఆగడం. బీపీ కాస్త ఎక్కువుందనో, ఎకో గదిలో వరుస పెద్దదిగా ఉందనో ఆగడం అలాంటిది కాదు. ఎకో అవసరమైతే తీయవచ్చు గానీ దానికోసం థియేటరు తేదీ మార్చడం వల్ల రోగికి ఒరిగేది తక్కువ.

రక్తం పలచబడే మందుల విషయంలో కూడా పాత అలవాటు ఒకటుంది. ఆస్పిరిన్ వాడుతున్నందుకు ఆపరేషన్ ఆపనక్కరలేదు. క్లోపిడోగ్రెల్ వాడుతున్నా అయిదు, ఏడు రోజులు ఆగుదామనడం తుంటి విరిగినవారికి మంచిది కాదన్నదే ఇప్పటి అభిప్రాయం. వెన్నులో ఇంజెక్షనుకు బదులు పూర్తి మత్తు ఇస్తారు. ఈ రెండు మత్తుల్లో ఏది మేలని ఇంటివాళ్లు ఆందోళన పడనక్కరలేదు. 1,600 మంది రోగులతో జరిపి 2021లో ప్రకటించిన పరిశోధనలో రెండు నెలల నాటికి మరణాల్లో గానీ నడకలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. వార్ఫరిన్ ప్రభావాన్ని విటమిన్ కె ఇంజెక్షనుతో తగ్గించవచ్చు. కొత్త తరం మందులకు మూత్రపిండాల పనితీరును బట్టి ఒకటి రెండు రోజులు ఆగవలసి రావచ్చు. ఈ మధ్యనే గుండెకు స్టెంటు వేయించుకున్నవారి మాత్రలను మాత్రం ఎవరి మాటా విని సొంతంగా ఆపకూడదు.

'ఈ వయసులో కత్తి ఎందుకు' అనే బంధువు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఆపరేషన్ చేయకపోతే కత్తి తప్పుతుంది గానీ, నెలన్నర, రెండు నెలలు కాలికి బరువు కట్టుకుని వెల్లకిలా పడుకోవడం తప్పదు. దాన్ని తట్టుకోగలిగే వృద్ధులు తక్కువ; ఆపరేషన్ లేకుండా ఉంచినవారిలో మరణాలు చాలా ఎక్కువ. అప్పటికే మంచం పట్టి చివరి దశలో ఉన్నవారికి ఆపరేషన్ వద్దనుకోవడం సబబైన నిర్ణయమే కావచ్చు; అప్పుడు కూడా నొప్పి లేకుండా చూడడం, గజ్జ దగ్గర నరాలకు మత్తు ఇంజెక్షను ఇప్పించడం మానకూడదు.

థియేటరుకు పంపే ముందు

నొప్పి భరించడం గొప్పతనం కాదు, తుంటి విరిగినవారికి అది ప్రమాదం కూడా. నొప్పితో ఉన్న మనిషి లోతుగా ఊపిరి తీయరు, దగ్గరు, తినరు, నిద్రపోరు. పారాసిటమాల్‌ను అడిగినప్పుడు కాకుండా వేళ ప్రకారం ఇవ్వాలి; గజ్జ దగ్గర నరాలకు మత్తు ఇంజెక్షను ఇచ్చే ఏర్పాటు ఆ ఆసుపత్రిలో ఉంటే చేరినప్పుడే ఇవ్వమని అడగాలి. మూత్రపిండాల జబ్బు, గుండె వైఫల్యం ఉన్నవారికి డైక్లోఫెనాక్ వంటి ఇంజెక్షన్లు హాని చేస్తాయి కాబట్టి, నర్సు సిరంజి తెచ్చినప్పుడు అది ఏ మందో అడగడం తప్పు కాదు.

ఆ తర్వాత పస్తు. జరిగే తీరు ఇలా ఉంటుంది: రాత్రి పది గంటలకు 'ఇక ఏమీ పెట్టకండి, పొద్దున ఆపరేషన్' అంటారు. పొద్దున లిస్టులో పేరు అయిదోది అవుతుంది. మధ్యాహ్నం మూడింటికి, ముందు కేసు ఆలస్యమైంది, రేపు చేద్దాం అంటారు. అప్పటికి పదిహేడు గంటలుగా గుక్కెడు నీళ్లు లేవు. సాయంత్రం నాలుగు ముద్దలు తిన్నాక రాత్రి పదింటికి మళ్లీ అదే మాట. రెండు రోజులు ఇలా గడిస్తే నాలుక పిడచకట్టి, మూత్రం తగ్గి, బీపీ పడిపోతుంది. నియమం నిజానికి ఇంత కఠినం కాదు: ఘనాహారానికి ఆరు గంటలు, మంచినీళ్లకు రెండు గంటల ముందు ఆపితే మామూలుగా సరిపోతుంది. పాలు, మజ్జిగ, కాఫీ మాత్రం నీళ్ల లెక్కలోకి రావు. కాబట్టి లిస్టులో ఎన్నో పేరో కనుక్కోవాలి, ఏ గంట దాకా నీళ్లు తాగించవచ్చో మత్తు డాక్టరును అడగాలి, వాయిదా పడిందని తెలిసిన నిమిషంలోనే తినిపించాలి. పస్తు సాగితే సెలైను ఎక్కిస్తున్నారో లేదో చూసుకోవాలి. చక్కెర జబ్బు ఉన్నవారికి పస్తులో ఇన్సులిన్, మాత్రల మోతాదు ఎంతో ప్రతి పూటా అడగవలసిందే.

ఆపరేషన్ తర్వాత మంచం పక్కన

రాడ్డు పడింది, గండం గడిచిందని ఊపిరి పీల్చుకునే వేళే జాగ్రత్త ఎక్కువ కావాలి. మరుసటి రోజే రోగిని మంచం మీద కూర్చోబెట్టి, కుర్చీలోకి మార్చి, వాకరు పట్టించి నిలబెట్టాలి. ఇప్పటి పద్ధతుల్లో చాలామంది వృద్ధుల చేత ఆ కాలి మీద పూర్తి బరువు మోపిస్తారు. 'పాపం, నొప్పిగా ఉంది, ఇవాళ పడుకోనివ్వండి' అని ఫిజియోథెరపిస్టును వెనక్కి పంపేది తరచుగా ఇంటివాళ్లే. డాక్టరు బరువు మోపవద్దని స్పష్టంగా చెబితే తప్ప అలా పంపకూడదు. నొప్పి మందు పడిన అరగంట తర్వాత ఫిజియో వచ్చేలా వేళలు కుదుర్చుకుంటే ఇద్దరికీ సులువు.

ఊపిరిని లెక్కపెట్టడం ఎవరైనా నేర్చుకోవచ్చు. రోగికి చెప్పకుండా, ఛాతీ ఎన్నిసార్లు పైకి లేచిందో గడియారం చూస్తూ పూర్తి నిమిషం లెక్కించాలి. చెబితే ఊపిరి తీరు మారిపోతుంది. నిమిషానికి 12 నుంచి 20 మామూలు. 20 దాటితే నర్సుకు చెప్పాలి. 25కు చేరితే, లేదా వేలికి పెట్టే ఆక్సీమీటరు 91 గానీ అంతకు తక్కువ గానీ చూపిస్తే డ్యూటీ డాక్టరు వచ్చి చూసేదాకా ఊరుకోకూడదు. బీపీ పడిపోవడానికి గంటల ముందే ఊపిరి వేగం పెరగడం సాధారణం, వార్డుల్లో సరిగా లెక్కపెట్టకుండా వదిలేసేది కూడా దీన్నే. నిమ్ము చేరకుండా తలవైపు మంచాన్ని ఎత్తి ఉంచాలి, పడుకోబెట్టి తినిపించకూడదు, గోళీలు పైకి లేచే ఊపిరి పరికరాన్ని మెలకువగా ఉన్నప్పుడల్లా గంటకు పదిసార్లు పీల్పించాలి, పళ్లు తోమించాలి. పక్కటెముకలు విరిగిన వృద్ధులకైతే ప్రాణరక్షణ దాదాపు అంతా ఇదే. అమెరికాలో 2000లో వెలువడిన పరిశీలనలో విరిగిన ఒక్కో పక్కటెముకకూ మరణావకాశం 19 శాతం చొప్పున పెరిగింది.

రెండో రోజో మూడో రోజో రాత్రి పెద్దావిడ ఎప్పుడో పోయిన చెల్లెలిని పిలుస్తారు, సెలైను గొట్టం పీకేస్తారు. 'సంధి మాటలు, వయసు కదా' అని సరిపెట్టుకోకూడదు. మరో రకం అంతకన్నా మోసకరమైనది: అరవరు, పీకరు, రోజంతా మగతగా పడుంటారు, ఇంటివాళ్లు 'బాగా నిద్రపోతున్నారు' అనుకుంటారు. రెండింటి వెనుకా కారణం వెతకాలి. మూత్రం బిగుసుకుందా, రోజుల తరబడి విరేచనం కాలేదా, జ్వరమా, ఆక్సిజన్ తగ్గిందా, సోడియం పడిపోయిందా, నిద్రమాత్ర ఇచ్చారా? కళ్లజోడు, వినికిడి యంత్రం ఇంటి నుంచి తెచ్చి పెట్టాలి. పగలు కిటికీ తెరిచి, రాత్రి దీపం తగ్గించి, తెలిసిన మనిషి ఒక్కరే పక్కనుండి ఈ రోజు ఏ వారమో, ఎక్కడున్నారో మెల్లగా చెబుతుండాలి. పరామర్శకు పదిమంది ఒకేసారి మంచం చుట్టూ చేరడం ఈ దశలో రోగికి హానే.

కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరకుండా పొట్టలో సన్నటి ఇంజెక్షను గానీ మాత్ర గానీ ఇస్తారు. తుంటి ఆపరేషన్ తర్వాత అది దాదాపు నెల సాగాలి. పన్నెండు వేల మందికి పైగా ఎముకలు విరిగినవారితో జరిపి 2023లో ప్రకటించిన పరిశోధనలో మరణాలను ఆపడంలో ఆస్పిరిన్ ఇంజెక్షన్లకు తీసిపోలేదని తేలింది. అయితే అందులో ఎక్కువమంది వయసులో చిన్నవారు. ఎనభై ఏళ్ల మనిషికి ఏది ఇవ్వాలో డాక్టరే తేల్చాలి. ఏదైనా సరే, డిశ్చార్జితో ఆగిపోకుండా చూడడం ఇంటివాళ్ల పని. ఒక పిక్క వాచినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు వచ్చినా వెంటనే చెప్పాలి.

రక్తం ఎక్కించే విషయంలో దాతల కోసం బంధువులను పరుగులు పెట్టించే ముందు హిమోగ్లోబిన్ ఎంతో అడగండి. 2011లో వెలువడిన పరిశోధనలో, తుంటి ఆపరేషన్ అయిన గుండెజబ్బు ముప్పు ఉన్నవారికి 10 దాకా రక్తం ఎక్కించినా, 8 కన్నా తగ్గినప్పుడే ఎక్కించినా ఫలితం ఒకేలా ఉంది. ఛాతీనొప్పి, గుండెదడ ఉంటే మాత్రం అంకెతో పని లేదు.

మూత్రపు గొట్టం 'ఈ రోజు తీసేయవచ్చా' అని రోజూ రౌండ్సులో అడగాలి. ఎక్కువ రోజులుంటే ఇన్‌ఫెక్షనుకు దారి అదే. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టాలి, మడమ కిందే పెడితే ఒత్తిడి అక్కడే పడుతుంది. రోజుకు రెండుసార్లు నడుము కింద ఎముక దగ్గర, మడమల దగ్గర చూసి, వేలితో నొక్కాలి. నొక్కినా పోని ఎరుపు పుండుకు మొదలు. చామనఛాయ ఒంటి మీద ఎరుపు తెలియదు కాబట్టి వెచ్చదనం, గట్టిదనం చేత్తో తాకి చూడాలి. ఆహారంలో పత్యం పేరుతో చారన్నంతో సరిపెట్టడం పెద్ద పొరపాటు. గుడ్లు, పాలు, పప్పు, పెరుగు, అలవాటుంటే చేప, కోడికూర కొంచెం కొంచెంగా ఆరేడుసార్లు పెట్టాలి. మూత్రపిండాల జబ్బు ఉంటే ఎంతన్నది డాక్టరు చెబుతారు.

ఇంటికి వెళ్లే ముందు

ఏడాదిలోపు జరిగే మరణాల్లో ఎక్కువ భాగం ఆసుపత్రి నుంచి వచ్చాకే జరుగుతాయి. ఇంట్లో కూడా రోజూ నడిపించడం, తినిపించడం ఆగకూడదు. తడి ఆరని బాత్రూము నేల, గుమ్మం దగ్గరి మెట్టు, రాత్రి చీకటి, కాళ్లకు చుట్టుకునే పంచె లేదా చీర, నిద్రమాత్రలు, ముదిరిన శుక్లాలు, లేవగానే పడిపోయే బీపీ వంటి మళ్లీ పడడానికి కారణాలను ఒక్కొక్కటిగా సరిచేయాలి. కమోడు పక్కన గోడకు పట్టుకునే కడ్డీ బిగించడం అన్నిటికన్నా చవకైన పని.

మామూలుగా నిలబడిన ఎత్తు నుంచి పడి తుంటి విరిగిందంటే ఎముక గుల్లబారిందనే అర్థం, కానీ దానికి వైద్యం మొదలుపెట్టకుండానే చాలామందిని పంపించేస్తారు. తుంటి ఆపరేషన్ అయిన 90 రోజుల్లోపు మొదలుపెట్టి ఏడాదికోసారి జోలెడ్రోనిక్ యాసిడ్ సెలైను ఎక్కించినవారిలో కొత్తగా ఎముకలు విరగడమే కాక, మరణాలు కూడా తగ్గాయని 2007లో రెండు వేల మందికి పైగా రోగుల పరిశోధన చూపించింది: మందు లేనివారిలో నూటికి 13.3, మందు తీసుకున్నవారిలో 9.6. ఇది ఇచ్చే ముందు విటమిన్ డి, కాల్షియం, మూత్రపిండాల పనితీరు పరీక్షించాలి. విటమిన్ డి తక్కువుంటే ముందు దాన్ని నింపాలి. డిశ్చార్జి సమ్మరీలో కుట్లు తీసే తేదీ, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు ఏ రోజు దాకా అన్నది, ఎముక గుల్లబారడానికి ఏ వైద్యం ఎప్పుడు మొదలవుతుందన్నది ఉన్నాయో లేదో చదివి చూసుకోవాలి. లేకపోతే బిల్లు కట్టి సంచి సర్దుకునే ముందే డాక్టరు చేత రాయించుకోవాలి.